బాయి కాడి మొబైల్ స్టార్టర్: డబ్బాకు నాలుగు స్టార్లు, లోపలి ప్రోగ్రామ్‌కు రెండున్నర

ఫోన్ నుంచే బోరు మోటర్‌ను ఎక్కించి, ఆపే డబ్బా ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే బోర్డు వేరే వేరే స్టిక్కర్లతో హన్మకొండలోనూ పరకాలలోనూ దుకాణాల్లో దొరుకుతోంది. ఒక్క స్టిక్కర్ పేరు రాసి మిగతా వాళ్లను వదిలేయడం నాకు న్యాయంగా అనిపించలేదు. మీరు కొనబోయే డబ్బా ఇదేనా కాదా అన్నది కింద రాసిన పరీక్షలతో మీరే తేల్చుకోవచ్చు.

నేను హన్మకొండలో కంట్రోల్ ప్యానెళ్లు కట్టే షాపులో పని చేస్తాను. రైస్ మిల్లులకు, జిన్నింగ్ మిల్లులకు పీఎల్‌సీ (మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రాములు రాయడం, అవి మొరాయిస్తే పోయి చూడడం నా ఉద్యోగం. కంప్యూటర్ లెక్క తప్పితే తెర మీద తప్పు అంకె కనిపించడంతో అయిపోదు, ఎక్కడో ఒక మోటర్ తిరగకూడని వేళ తిరుగుతుంది. ఇలాంటి వాటిని కాలేజీలో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ అంటారు. మిల్లులో 40 లక్షల మెషీన్ అయినా, పొలం గట్టు మీద 6 వేల చిల్లర డబ్బా అయినా ఆ జాతే. అందుకే ఈ రివ్యూలో యాప్ రంగుల గురించి పెద్దగా ఏమీ ఉండదు.

పరకాల అవతల మాకు కొంత మిర్చి, కొంత వరి. ఒకటే బోరు, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. ఇంటికీ బాయికీ మధ్య దూరం బాగానే ఉంది, బాపు మోకాళ్లు మునుపటిలా లేవు. చీకట్లో టార్చి పట్టుకుని పోయి తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరవడం అవ్వకు అస్సలు ఇష్టం లేదు. యాసంగి మొదట్లో కొన్నాం.

బిగింపు సులువు. ఉన్న స్టార్టర్‌ను తీసేయనక్కర్లేదు, దాని పక్కనే కూర్చుంటుంది. మూడు ఫేజుల నుంచి మూడు వైర్లు, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూసే రెండు సీటీ కాయిళ్లు, మోటర్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్ అనే స్విచ్ కాయిల్‌కు రిలే వైర్లు, పైన యాంటెన్నా, లోపల సిమ్. దుకాణంలో చెప్పని ముక్క ఒకటుంది: లోపలి మోడెమ్ 2జీ మాత్రమే. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే డబ్బా పలకదు. మా ఊరికి ఏ టవర్ బాగా అందుతుందో చూసి వేరే సిమ్ వేశాం. రీఛార్జ్ అయిపోతే మోటర్ మాట వినదు, ఆ తేదీ గుర్తుపెట్టుకోవడం మన బాధ్యతే.

డబ్బా తయారీ మాత్రం మెచ్చుకోవాలి. మూత చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ ఉంది, వైర్లు దూరే చోట గ్లాండ్లు బిగుతుగా ఉన్నాయి. స్టార్టర్ డబ్బాల్లో బల్లులు, చీమలు చేసే నాశనం తెలిసిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది. మా పాత స్టార్టర్‌లో కాంటాక్టుల మధ్య నలిగిన చీమలను బాపు ఏటా గీకి తీసేవాడు. బోర్డు మీద రిలేలు మంచివి వేశారు, టెర్మినళ్ల దగ్గర ఆర్, వై, బి అని మూడు ఫేజుల పేర్లూ స్పష్టంగా అచ్చు వేసి ఉన్నాయి.

మోటర్‌ను కాపాడే పని కూడా బాగా చేస్తోంది. మోటర్ నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు పెరిగి వైండింగ్ కాలుతుంది. ఊళ్లలో కాలిన మోటర్లలో చాలా వాటి కథ ఇదే. బి ఫేజు తెగ్గొట్టి చూశాను, కళ్లు మూసి తెరిచేలోపు ఆపేసి బాపు ఫోన్‌కు మెసేజ్ పంపింది. బోరులో నీళ్లు అడుగంటితే మోటర్ మీద లోడు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. అది పసిగట్టి ఆపేస్తుంది, మళ్లీ ఎంతసేపటికి ఎక్కాలో మనమే పెట్టుకోవచ్చు. ఈ రెండింటికే పెట్టిన డబ్బులు వచ్చేస్తాయి. నాలుగు స్టార్లు అందుకే.

ఇక ప్రోగ్రామ్ సంగతి.

ఓల్టేజీ తక్కువ ఉన్నప్పుడు స్టార్టర్ నిలబడకపోతే మన దగ్గర కాంటాక్టర్‌కు పుల్ల గుచ్చుతారు. చేయకూడని పనే కానీ చేస్తారు. అలా పుల్ల గుచ్చి ఉండగా ఫోన్ నుంచి ఆపమని ఆర్డర్ ఇస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. రిలే టక్కుమంది. పుల్ల వల్ల కాంటాక్టర్ కదల్లేదు, మోటర్ తిరుగుతూనే ఉంది, పైపులోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఫోన్‌కు మాత్రం ‘మోటర్ ఆగింది’ అని మెసేజ్ వచ్చింది. కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయినా ఇదే జరుగుతుంది, దానికి పుల్ల కూడా అక్కర్లేదు.

అంటే ఆ మెసేజ్, తను ఇచ్చిన ఆర్డర్‌ను మళ్లీ మనకే చదివి వినిపిస్తోంది. మోటర్ నిజంగా ఏం చేస్తోందో చూసి చెప్పడం లేదు. చూడడానికి కన్ను లేదా అంటే ఉంది, సీటీ కాయిల్ ఆ క్షణంలోనే 9 ఆంపియర్లు చూపిస్తోంది, అదే బోర్డు మీద. ప్రోగ్రామ్ రాసినాయన ఆ రెండింటినీ కలపలేదు, అంతే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ ఇరాన్‌లో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాల వేగాన్ని మార్చేస్తూ ఆపరేటర్లకు మాత్రం అంతా మామూలుగా ఉన్నట్టు చూపించింది. అక్కడ శత్రువు పనిగట్టుకుని చేశాడు, ఇక్కడ బద్ధకం చేసింది. మెసేజ్ నమ్మి చేయి పెట్టేవాడికి రెండూ ఒకటే.

దీని మీద కంపెనీకి రాస్తే, వాళ్ల పుణ్యమా అని పట్టించుకున్నారు. ఇప్పుడు ఆపమన్నాక కొన్ని సెకన్లు ఆగి ఆంపియర్లు చూసి, తగ్గకపోతే ‘మోటర్ ఆగలేదు, వెళ్లి చూడండి’ అని పంపుతోంది. మీరు కొనేటప్పుడు దుకాణంలోనే ఈ ప్రశ్న అడగండి: ఆగింది అని ఎట్లా తెలుసుకుంటుంది, ఆర్డర్ ఇచ్చిందని చెప్తుందా, కరెంటు చూసి చెప్తుందా?

అసలు తలనొప్పి మిర్చికి డ్రిప్ పెట్టిన రోజుల్లో వచ్చింది. టైమర్ రెండు గంటలకు పెట్టి మోటర్ ఎక్కిస్తే, రెండు గంటలయ్యాక తానే ఆగాలి. చాలా రోజులు బుద్ధిగానే నడిచింది. ఒకనాడు పొద్దుగూకే వేళ బాపు ఫోన్ చేశాడు. “బిడ్డా, ఎక్కుడు ఎక్కుతాంది, ఎక్కంగనే బందైతాంది.” మెసేజ్ చూస్తే ‘టైమ్ పూర్తయింది’ అని ఉంది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అదే. ఊరి మెకానిక్ వచ్చి కెపాసిటర్ అన్నాడు, ఓల్టేజీ అన్నాడు, చివరికి టవర్ అన్నాడు. ఇంతలో ఎవరూ ముట్టుకోకుండానే అదే సర్దుకుంది. రాత్రికి రెండు గంటలు నిండుగా నడిచి ఆగింది. మెకానిక్ తన డబ్బులు తీసుకుని పోయాడు.

ఆ తర్వాత అంతా బాగానే ఉంది, అందరం మర్చిపోయాం. మళ్లీ ఒక పొద్దున పది దాటాక అదే వరస. బాపు ఫోన్‌లో మెసేజ్‌లు తుడిపేయడు, ఆ అలవాటు నాకు కలిసొచ్చింది. రెండు సంఘటనల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏడు వారాల మీద ఇంకొన్ని గంటలు. ఏడు వారాలంటే 49 రోజులు. మా వృత్తిలో ఆ అంకె వినగానే చెవులు నిక్కపొడుచుకుంటాయి.

చిన్న కంట్రోలర్లలో చాలా వాటికి గోడ గడియారం ఉండదు. పవర్ ఇచ్చిన క్షణం నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో లెక్క పెడుతూ పోతాయి, అంతే. ఆ లెక్క దాచుకునే చోటు 32 బిట్లది, అంటే 32 సున్నా-ఒకట్లు పట్టేంత. అందులో పట్టే పెద్ద అంకె 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. రోజుల్లో చెప్పాలంటే 49 రోజుల 17 గంటలు. అది దాటగానే లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. లెక్క సున్నాకు రావడం తప్పు కాదు, దాన్ని పోల్చే తీరులో ఉంది తిరకాసు. మోటర్ ఎక్కిన సమయానికి రెండు గంటలు కలిపి, ‘ఇప్పటి లెక్క ఆ అంకెను దాటిందా’ అని అడిగారు. చివరి రెండు గంటల్లో మోటర్ ఎక్కిస్తే, కలిపిన మొత్తం ఆ చోటులో పట్టక చుట్టు తిరిగి ఏదో చిన్న అంకె అవుతుంది. ఇప్పటి లెక్క దాన్ని ఎప్పుడో దాటేసింది కాబట్టి, టైమ్ అయిపోయిందని మోటర్ పడిపోతుంది. లెక్క సున్నాకు వచ్చాక అంతా మామూలే. మొదటిసారి సాయంత్రం, రెండోసారి పొద్దున వచ్చిందంటే ఆ 17 గంటల జరుగుబాటే.

కూడి పోల్చకుండా తీసివేసి పోలిస్తే ఈ గొడవే ఉండదు. ‘ఇప్పటి లెక్కలోంచి ఎక్కినప్పటి లెక్క తీసేస్తే రెండు గంటలయిందా’ అని అడిగితే, మధ్యలో లెక్క చుట్టు తిరిగినా జవాబు సరిగ్గానే వస్తుంది. మారాల్సింది ఒక్క లైను.

మరి ఇన్నేళ్లు అమ్ముతున్న డబ్బాలో ఇది ఎవరికీ ఎందుకు దొరకలేదు? నాకు నచ్చిన భాగం ఇదే. పాత మోడల్‌కు బ్యాటరీ లేదు. కరెంటు పోతే డబ్బా కూడా పోయేది, వస్తే లెక్క సున్నా నుంచి మొదలయ్యేది. వ్యవసాయానికి గంటల లెక్కన కరెంటు ఇచ్చిన కాలంలో అలా రోజూ జరిగేది, 49 రోజుల దాకా పోయే మాటే లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైంది. ఆ తర్వాత మోడల్‌లో, కరెంటు పోయిందని మెసేజ్ పంపడానికి చిన్న బ్యాటరీ కూడా పెట్టారు. ఇక డబ్బా పడుకునేదే లేదు. ప్రోగ్రామ్‌లో అక్షరం మారకపోయినా చుట్టూ మారిన పరిస్థితి లోపల దాక్కున్న తప్పును బయటికి లాగింది. మిల్లుల్లోనూ ఇంతే. ‘పదేళ్లుగా ముట్టుకోలేదు సార్, బంగారంలా నడుస్తోంది’ అన్న ప్యానెల్‌కు కొత్త మోటరో కొత్త డ్రైవో తగిలించిన మర్నాడే నాకు ఫోన్ వస్తుంది.

కస్టమర్ కేర్‌కు చేస్తే ఒకమ్మాయి, “మేడం, ఒకసారి బ్యాటరీ తీసి మళ్లీ పెట్టండి” అంది. నవ్వొచ్చింది కానీ తప్పుపట్టలేను, అలా చేస్తే నిజంగానే సర్దుకుంటుంది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ బోయింగ్ 787 విమానాలకు ఇచ్చిన ఆదేశమూ ఇంచుమించు అదే. ఆగకుండా 248 రోజులు పవర్‌లో ఉంటే వాటి జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఒక్కసారిగా చేతులెత్తేసే ప్రమాదం ఉందని, అంతకుముందే పవర్ తీసి మళ్లీ ఇవ్వమని చెప్పారు. అక్కడ ఎగిరేది విమానం కాబట్టి ప్రపంచమంతా తెలిసింది. మా మిర్చి ఎండితే మా అవ్వకే తెలుస్తుంది.

తేదీలతో సహా రాసి పంపాక ప్రోగ్రామ్ రాసినాయనే ఫోన్ చేశాడు. వాదించలేదు, సాకులు చెప్పలేదు. మాటల్లో తెలిసిందేమిటంటే అన్ని మోడళ్ల ప్రోగ్రామూ ఆయనొక్కడే చూస్తున్నాడు. సరిచేసిన ప్రోగ్రామ్ నా చేతికి రావడమే పెద్ద ప్రహసనం. ఇందులో గాలిలోంచి అప్‌డేట్ చేసే ఏర్పాటు లేదు. బోర్డు విప్పి కొరియర్‌లో పంపాలి, వాళ్లు కొత్తది ఎక్కించి తిప్పి పంపాలి. అన్నాళ్లూ బాపు చేత్తోనే పచ్చ బటన్ నొక్కాడు. తిరిగొచ్చిన బోర్డులో దాచిన ఫోన్ నంబర్లన్నీ పోయాయి, పాస్‌వర్డ్ మళ్లీ 1234 అయింది. ఇంకో మాట, బిగించిన మెకానిక్‌లు ఈ 1234ను చాలా చోట్ల అలాగే వదిలేస్తారు. సిమ్ నంబరు, ఈ నాలుగు అంకెలు తెలిసిన ఎవరైనా మీ మోటర్ ఎక్కించగలరు. ఇవాళే మార్చండి.

డబ్బా మీద ప్రోగ్రామ్ వెర్షన్ ఎక్కడా రాసి లేదు. నా దగ్గరున్నది పాతదో కొత్తదో తెలియాలంటే 49 రోజులు ఆగి చూడాలా అని అడిగాను. కొత్త దాంట్లో ‘వెర్షన్’ అని మెసేజ్ పెడితే నంబరు చెప్పే ఏర్పాటు చేశారు. చిన్న పనే, మొదటి రోజే ఉండాల్సింది.

ఆయన్ను ఇంకోటి కూడా అడిగాను: మోటర్ స్థితిని మెమరీలో ఎంత తరచుగా రాస్తున్నారు? ఇలాంటి చిప్పుల్లో వాడే ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) ఒక్కో గడికి దాదాపు లక్ష రాతల వరకే హామీ ఇస్తుంది. నిమిషానికోసారి అదే గడిలో రాసుకుంటూ పోతే 70 రోజుల్లోపే లక్ష నిండుతుంది. స్థితి మారినప్పుడే రాస్తున్నాం అన్నాడు. ఇక్కడ మాత్రం పూర్తి మార్కులు.

భయపెట్టేది ఒకటి మిగిలింది. నెట్‌వర్క్ లేనప్పుడు పంపిన మెసేజ్ ఎక్కడికీ పోదు, టవర్ వాళ్ల దగ్గర ఆగి ఉండి సిగ్నల్ రాగానే వచ్చి పడుతుంది. బాపు పొద్దున ‘ఆన్’ పంపి, మోటర్ ఎక్కకపోతే విసుక్కుని వదిలేశాడనుకోండి. మధ్యాహ్నం మెకానిక్ స్టార్టర్ విప్పి చేతులు పెట్టిన వేళ ఆ పాత ‘ఆన్’ వచ్చి చేరిందంటే? డబ్బాకు అది పొద్దుటిదని తెలియదు. తెలుసుకోవచ్చు, ప్రతి మెసేజ్ మీదా టవర్ వేసిన సమయం ముద్ర ఉంటుంది. దాన్ని చూసి ఐదు నిమిషాల కంటే పాతవి పారేయాలి. ఈ పని ఇంకా చేయలేదు, చేస్తామన్నారు. అందాకా మా ఇంట్లో మెసేజ్ బంద్, మిస్డ్ కాల్‌తోనే ఎక్కిస్తాం. కాల్ కలిస్తే అప్పుడే కలుస్తుంది, లేకపోతే లేదు. బోరు దగ్గర ఎవరు పని చేసినా ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలని బాపుకు గట్టిగా చెప్పాను.

కరెంటు వచ్చాక ఎంతసేపటికి ఎక్కాలన్నది ఫ్యాక్టరీ నుంచి 60 సెకన్లుగా వస్తుంది, అన్ని డబ్బాలకూ అదే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇలాంటివి పది ఉంటే కరెంటు వచ్చిన నిమిషానికి పదీ ఒక్కసారే లేస్తాయి. మోటర్ లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఫ్యూజు ఎగిరిపోకుండా ఎట్లా ఉంటుంది? కరెంటు రాగానే మోటర్‌ను తామే ఎక్కించే ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పట్లో ప్రభుత్వమే రైతులను అడిగింది, మోటర్లు ఊరికే తిరిగి భూగర్భ జలాలు అడుగంటే సంగతి ఎటూ ఉండనే ఉంది. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఈ డబ్బాలున్న ఇళ్లన్నీ తిరిగి ఒక్కోదానికి ఒక్కో సమయం పెట్టాను. సిమ్ నంబరు చివరి రెండు అంకెలను బట్టి ఈ సమయం దానంతటదే మారేలా కంపెనీ చేస్తే నాకు ఈ తిరుగుడు తప్పేది.

యాప్ గురించి ఒక్క ముక్క: ఉంది, బాపు వాడడు.

చిన్నాయన కూడా ఒకటి తెప్పించమంటున్నాడు. తెప్పిస్తాను, మోటర్ కాపలాకు ఈ ధరలో ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. కాకపోతే బిల్లు మీద వెర్షన్ నంబరు రాయించుకుంటాను. పాత స్టార్టర్‌నూ దాని పచ్చ, ఎర్ర బటన్లనూ కదిలించను, 2జీ పోయినా కంపెనీ పోయినా పొలానికి నీళ్లు ఆగకూడదు కదా. డబ్బాతో రాని లోకల్-రిమోట్ సెలెక్టర్ స్విచ్ ఒకటి వేరుగా కొని బిగిస్తాను. ప్యానెల్ సామాన్ల షాపులో ఏదైనా మామూలు రెండు పొజిషన్ల స్విచ్ సరిపోతుంది. రిలే నుంచి కాంటాక్టర్ కాయిల్‌కు పోయే వైరును దాని గుండా తీసుకుంటే, లోకల్‌లో పెట్టినప్పుడు ఫోన్ మాట చెల్లదు, బటన్ మాటే చెల్లుతుంది. అయినా లోపల చేయి పెట్టాలంటే ఫ్యూజులు పీకాల్సిందే, స్విచ్ ఒక్కదాన్నే నమ్మొద్దు.